ఆట ఆగినప్పుడే మోగాలి: బేస్‌బాల్ స్టేడియం ఆర్గనిస్టు పని ఎలా సాగుతుంది?

చికాగోలోనో అట్లాంటాలోనో ఉంటున్న మనవాళ్లు మొదటిసారి బేస్‌బాల్ ఆటకు వెళితే ఒక సందేహం తప్పకుండా వస్తుంది. స్టేడియంలో డీజే హోరు మనకు కొత్త కాదు. కానీ చర్చిలో వినాల్సిన ఆర్గన్ ఇక్కడెందుకు మోగుతోంది? అది రికార్డా, ఎవరైనా కూర్చుని వాయిస్తున్నారా?

జవాబు స్టేడియాన్ని బట్టి మారుతుంది. చికాగో రిగ్లీ ఫీల్డ్, బోస్టన్ ఫెన్‌వే పార్క్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియం, అట్లాంటా బ్రేవ్స్ మైదానం లాంటి చోట్ల మనిషే వాయిస్తారు. ఇంకొన్ని చోట్ల రికార్డు చేసి పెట్టుకున్న ఆర్గన్ ముక్కల్ని బటన్ నొక్కి వదులుతారు. పైనుంచి వినేవాళ్లకు రెండూ ఒకేలా అనిపిస్తాయి. తేడా తెలియాలంటే ఈ పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడాలి. అందుకు చికాగో వైట్ సాక్స్ జట్టుకు 1970 నుంచి 2010 దాకా వాయించిన నాన్సీ ఫౌస్ట్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

క్రికెట్ తెలిసినవాళ్ల కోసం కొన్ని మాటలు

బేస్‌బాల్ ఆటలో 9 ఇన్నింగ్స్ ఉంటాయి. ఒక్కో ఇన్నింగ్‌కు రెండు సగాలు. మొదటి సగంలో బయటి ఊరి జట్టు బ్యాటింగ్, రెండో సగంలో సొంత జట్టు బ్యాటింగ్. ముగ్గురు అవుటైతే ఒక సగం అయిపోయినట్టే. బంతి విసిరేవాడు పిచర్. బ్యాటర్ పెవిలియన్ వైపు నుంచి నడిచి వచ్చేటప్పుడు వినిపించే పాట ముక్క పేరు వాకప్ మ్యూజిక్. ఏడో ఇన్నింగ్ మధ్యలో జనమంతా లేచి, ఒళ్లు విరుచుకుని, 1908 నాటి ‘టేక్ మీ అవుట్ టు ద బాల్ గేమ్’ అనే పాట అందుకుంటారు.

ఇక అసలు నియమం. పిచర్ బంతి విసరడానికి సిద్ధమై, బ్యాటర్ గీతల్లో నిలబడ్డాక సంగీతం వినబడకూడదు. అంటే ఆర్గనిస్టుకు ఆట సాగే సమయంలో పనేమీ ఉండదు. సగాల మధ్య విరామాలు, బ్యాటర్ నడక, పిచర్ మార్పిడి, ఎవరికైనా దెబ్బ తగిలి ఆట నిలిచిన క్షణాలు, అంపైర్లు రీప్లే చూసుకుంటున్న సమయం: ఆ ఖాళీల్లోనే ఉద్యోగమంతా. పద్య నాటకంలో హార్మోనిస్టుది కూడా ఇలాంటి పనే. నటుడు రాగం ఎంతదూరం లాగితే అంతదూరం వెన్నంటి పోవాలి, వచనం మొదలయ్యే క్షణానికి వేళ్లు లేచిపోవాలి.

సినిమా హాలు నుంచి మైదానానికి

మూకీ సినిమాల రోజుల్లో అమెరికా థియేటర్లలో పెద్ద పైపు ఆర్గన్లు ఉండేవి. తెరమీద బొమ్మకు తగ్గట్టు అప్పటికప్పుడు వాయించే నిపుణులు ఎందరో ఉండేవారు. 1927 తర్వాత టాకీలు రావడంతో వాళ్ల పని పోయింది. వేలమంది ఉన్న చోట ఒక్క మనిషి, సన్నివేశాన్ని చూస్తూ, కాగితం లేకుండా వాయించగలగడం వాళ్ల విద్య. ఆ విద్యకు మంచు హాకీ మైదానాలు, స్కేటింగ్ రింకులు తలుపు తీశాయి. 1929లో కట్టిన చికాగో స్టేడియంలో ఒకదానిపై ఒకటిగా ఆరు కీబోర్డులతో, మూడు వేలకు పైగా పైపులతో బార్టన్ కంపెనీ ఆర్గన్ పెట్టారు.

అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో మొదటిసారి ఆర్గన్ మోగింది రిగ్లీ ఫీల్డ్‌లో, 1941 ఏప్రిల్ 26న. అక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆ ఏడాది జనవరి నుంచి అక్టోబరు చివరి దాకా అమెరికన్ రేడియో కంపెనీలకూ, పాటల హక్కులు చూసే ఆస్కాప్ సంస్థకూ రుసుముల విషయంలో గొడవ నడిచింది. ఆస్కాప్ జాబితాలోని పాట ఏదీ రేడియోలో రాకూడదు. మైదానంలో వాయించే పాట కామెంటరీ మైకులోకి దూరితే రేడియోవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. అందుకని ప్రసారం మొదలయ్యే ముందే ఆర్గనిస్టు వాయించడం ఆపేయాల్సి వచ్చింది. ఇప్పుడు స్టేడియాలు ఆస్కాప్, బీఎంఐ వంటి సంస్థలకు ఏడాదికి మొత్తంగా లైసెన్సు రుసుము కట్టేస్తాయి కాబట్టి పాట పాటకూ అనుమతి వెతుక్కోనక్కర్లేదు.

మరుసటి ఏడాది, 1942లో, బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు గ్లాడిస్ గుడ్డింగ్‌ను నియమించుకుంది. ఆ జట్టు ఊరు విడిచిపోయే దాకా, అంటే 1957 వరకూ, ఎబెట్స్ ఫీల్డ్‌లో ఆవిడే వాయించారు. సీజన్ పొడుగునా ఉండే ఉద్యోగంగా ఈ పని స్థిరపడింది ఆవిడతోనే.

హామండ్: చక్రాలు తిరిగితేనే స్వరం

పైపు ఆర్గన్‌ను ఆరుబయట మైదానంలో నిలబెట్టడం కష్టం. తేమకూ ఎండకూ శ్రుతి మారిపోతుంది. 1935లో మార్కెట్లోకి వచ్చిన హామండ్ ఎలక్ట్రిక్ ఆర్గన్ ఆ సమస్య తీర్చింది. అందులో పైపులుండవు. 91 చిన్న పళ్ల చక్రాలు ఒక మోటారుతో తిరుగుతాయి. ప్రతి చక్రం ఎదుట అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. చక్రం పళ్లు దాటిపోతున్నప్పుడు పుట్టే విద్యుత్ తరంగమే స్వరం. పైనా కిందా 61 మెట్ల చొప్పున రెండు కీబోర్డులు, పాదాలకు 25 పెడళ్లు.

మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉంటుంది. అమెరికాలో అది 60 హెర్ట్జ్, మన దగ్గర 50. అక్కడి మోటారున్న పాత హామండ్‌ను తెచ్చి హైదరాబాదులో, ఓల్టేజీ సరిచేసి పెట్టినా, స్వరాలు దాదాపు మూడు మెట్లు దిగిపోతాయి. స అనుకుని నొక్కితే కింది ధైవతం దగ్గర పలుకుతుంది. అందుకే 50 హెర్ట్జ్ దేశాలకు వేరే మోడళ్లు చేసేవారు.

స్విచ్ వేయడానికీ పద్ధతుంది. ముందు ‘స్టార్ట్’ మీట నొక్కి సుమారు 8 సెకన్లు పట్టుకోవాలి. చక్రాలు వేగం అందుకున్నాక ‘రన్’ మీట వేసి, మరో 4 సెకన్లు రెండూ ఉంచి, అప్పుడు మొదటిది వదలాలి. తొందరపడి ముందే వదిలితే మోటారు అందుకోదు, శబ్దం రాదు, మళ్లీ మొదటికే. లోపలి బేరింగులకు నూనె సన్నటి నూలు పోగుల ద్వారా చేరుతుంది. ఏడాదికోసారి కొద్దిగా పోస్తే చాలు. ఏప్రిల్‌లో సీజన్ మొదలయ్యేటప్పటికి చికాగోలో చలి ఇంకా వదలదు. నూనె చిక్కబడితే స్టార్ట్ మీట ఎక్కువసేపు పట్టుకోవాల్సి వస్తుంది. ఎన్నాళ్లో వాడని మెట్టు గరగరలాడితే కంగారేం లేదు. ప్రతి మెట్టు కిందా 9 లోహపు పుల్లలుంటాయి, వాటి మీద చేరిన దుమ్మే కారణం. ఆ మెట్టును గట్టిగా ఇరవై ముప్పై సార్లు కొడితే చాలాసార్లు వదిలిపోతుంది.

స్వరం రంగు మార్చేవి డ్రాబార్లు. ఒక్కో వరుసలో 9 చొప్పున కడ్డీలు, ఒక్కోటి 0 నుంచి 8 దాకా లాగొచ్చు. గదిలో గుండెకు హత్తుకునే మంద్రస్వరాలు కాంక్రీటు స్టేడియంలో ముద్దయిపోతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు కింది స్వరాల కడ్డీలు తగ్గించి, పైవి పెంచుతారు. మెట్టు నొక్కగానే వచ్చే చిన్న ‘టిక్’ శబ్దాన్ని తయారీదారులు లోపంగానే చూశారు. స్టేడియంలో మాత్రం స్వరం ఎక్కడ మొదలైందో చెవికి తెలియజేసేది అదే. హామండ్ కంపెనీ ఈ చక్రాల ఆర్గన్ల తయారీని 1970ల మధ్యలో ఆపేసింది. ఇవాళ చాలా చోట్ల డిజిటల్ వాయిద్యాలే. ఫెన్‌వేలో 2003 నుంచి వాయిస్తున్న జాష్ కాంటర్ ముందుండేది యమహా ఎలక్టోన్.

చెవిని నమ్మకూడని చోటు

స్టేడియంలో వాయించడంలో ఉన్న అసలు కష్టం ఆలస్యం. ఫౌస్ట్‌ను మొదట్లో వైట్ సాక్స్ మైదానమైన పాత కామిస్కీ పార్క్‌లో సెంటర్ ఫీల్డ్ బెంచీల మధ్య కూర్చోబెట్టారు. అలాంటి చోటికీ బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కూ మధ్య 400 అడుగులు, అంటే సుమారు 122 మీటర్లు అనుకుందాం. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. అటువైపు జనం కొట్టిన చప్పట్లు ఇటు చేరేసరికి సుమారు 0.36 సెకను గడిచిపోతుంది. నిమిషానికి 120 దెబ్బల లయలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది అర సెకనే. అంటే చప్పట్లు దాదాపు ముప్పాతిక దెబ్బ వెనక వినబడతాయి.

వాటిని వింటూ వాయిస్తే ఏమవుతుంది? జనం ఆర్గన్‌ను అనుసరిస్తారు, ఆర్గనిస్టు జనాన్ని అనుసరిస్తారు, ప్రతి చుట్టుకూ లయ కుంగిపోతుంది. విరుగుడు ఒక్కటే: హెడ్‌ఫోన్లో లేదా పక్కనున్న చిన్న స్పీకర్లో సొంత వాయిద్యాన్ని మాత్రమే వింటూ, చప్పట్లు తప్పుగా వినబడుతున్నా పట్టించుకోకుండా పోవడం. కొత్తగా చేరినవాళ్లు తడబడేది ఇక్కడే. చేతిలో సంగీతం లేక కాదు. సంగీతజ్ఞానం ఎంత ఉంటే, పక్కవాళ్ల లయతో కలవాలన్న అలవాటు అంత బలంగా ఉంటుంది మరి.

ఆరు స్వరాల బాకా

‘ఛార్జ్’ అని జనం అరిచే ఆ చిన్న బాకా పిలుపును 1946లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో టామీ వాకర్ అనే విద్యార్థి కట్టాడు. మన స్వరాల్లో చెప్పాలంటే మంద్ర పంచమం, షడ్జం, గాంధారం, పంచమం, చిన్న ఆగుడు, మళ్లీ గాంధారం, పొడుగ్గా పంచమం. ప స గ ప, గ పా. ఉన్నవి ఆరు స్వరాలే, పట్టేది మూడు నాలుగు సెకన్లే. మళ్లీ వాయించాల్సి వస్తే శ్రుతి ఒక మెట్టు పెంచుతారు, ఉత్సాహం పెరిగినట్టుంటుంది. పొరపాటు ఎక్కువగా జరిగేది ఆ చివరి పంచమం దగ్గర. జనం అరుపు కోసం దాన్ని సాగదీస్తే పిచర్ సిద్ధమైపోతాడు, అంపైర్ తల ఎత్తి పైకి చూస్తాడు.

నాన్సీ ఫౌస్ట్ ఏం మార్చారు

1970లో చేరేనాటికి ఫౌస్ట్ వయసు 23. తల్లి కూడా ఆర్గనిస్టే. చిన్నప్పుడే కీబోర్డు మీద కూర్చున్న ఫౌస్ట్ నోటేషన్ కంటే చెవిమీదే ఆధారపడి వాయించేవారు. ఈ ఉద్యోగానికి అది పెద్ద ఆస్తి. నిన్న రాత్రి రేడియోలో విన్న పాట ఇవాళ మధ్యాహ్నం ఆటలో పనికొస్తుంది. కాగితం దొరికే దాకా ఆగితే సందర్భం పోతుంది.

చేరిన ఏడాది జట్టు పరిస్థితి ఘోరం: 162 ఆటల్లో 106 ఓటములు. అప్పటిదాకా స్టేడియం ఆర్గన్ అంటే పాత వాల్ట్‌జులు, మార్చింగ్ పాటలు. ఫౌస్ట్ ఆనాటి రాక్ పాటలు ఎత్తుకున్నారు. అంతకంటే ముఖ్యంగా, ఒక్కో ఆటగాడికి తగిన పాట వెతికి కట్టడం మొదలుపెట్టారు. 1972లో వచ్చిన స్టార్ బ్యాటర్ డిక్ అలెన్ నడిచొస్తుంటే ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ వాయించేవారు. బయటి జట్ల ఆటగాళ్లకైతే పేరుతో చమత్కారం. పీట్ ఇంకవీలియా అనే బ్యాటర్ వస్తే ‘ఇన్-ఎ-గడ్డా-డా-వీడా’. పేరునూ పాటనూ పక్కపక్కన పలికి చూడండి, సంగతి తెలుస్తుంది.

ఈ చమత్కారం కాగితం మీద కనిపించినంత తేలిక కాదు. పాటలో జనం గుర్తుపట్టే ముక్క మూడు నాలుగు సెకన్లలో రావాలి. కాబట్టి మొదటి చరణం నుంచి మొదలెడితే లాభం లేదు, నేరుగా పల్లవిలోని ఆ పేరున్న మాట దగ్గరే దూకాలి. పైగా మాటలు వినబడవు, స్వరాలు మాత్రమే. అందరికీ నోటికి వచ్చిన పాట కాకపోతే జోకు పేలదు. మాటలు ఒకే స్వరం మీద గబగబా సాగే పాటలు ఆర్గన్ మీద అసలు పనికిరావు, ప్రతిధ్వనిలో కలిసిపోయి ఒకే మోతగా వినబడతాయి.

1977 జులైలో జరిగింది ఇంకా పెద్దది. ఎదుటి జట్టు పిచర్‌ను బయటికి పంపుతున్నప్పుడు ఫౌస్ట్ ‘నా నా హే హే కిస్ హిమ్ గుడ్‌బై’ ఎత్తుకున్నారు. స్టీమ్ అనే బృందం పేరుతో 1969లో వచ్చిన పాట అది, అప్పటికి దాదాపు మరుగున పడింది. జనం మొత్తం గొంతు కలిపారు. ఆ సీజన్లో జట్టు 90 ఆటలు గెలిచింది, పాట మళ్లీ అమ్ముడుపోయింది, రికార్డు కంపెనీ ఆవిడకు గోల్డ్ రికార్డు బహూకరించింది. వీడ్కోలు పాటగా అది తర్వాత అమెరికాలోని రకరకాల స్టేడియాలకు పాకింది. పాట ఎంపిక ఎంత గొప్పదో, ఎత్తుకున్న క్షణం అంత గొప్పది. అదే పాటను ఇన్నింగ్స్ మధ్య మామూలు విరామంలో వాయించి ఉంటే ఎవరూ తల తిప్పేవారు కాదు.

ఏడో ఇన్నింగ్ పాట సంగతీ చెప్పాలి. 1976లో జట్టు యజమాని బిల్ వీక్, వ్యాఖ్యాత హ్యారీ కేరీ తన గదిలో తనకోసం పాడుకుంటుంటే గమనించి, చెప్పకుండా మైకు ఆన్ చేయించాడు. కింద ఫౌస్ట్ ఆర్గన్, పైన కేరీ బొంగురు గొంతు. 1982లో కేరీ ఊళ్లోని రెండో జట్టు కబ్స్‌కు మారుతూ ఆ అలవాటును వెంట తీసుకుపోయాడు. ఇవాళ చాలామంది దాన్ని రిగ్లీ ఫీల్డ్ సంప్రదాయం అనే అనుకుంటారు.

ఆర్గన్‌కు చేతకానిదీ ఉంది. 1979 జులై 12న కామిస్కీలో డిస్కో రికార్డుల్ని పేల్చే ప్రచార కార్యక్రమం పెడితే వేలమంది మైదానంలోకి దూకారు. ఆ ఏడో ఇన్నింగ్ పాటతోనే జనాన్ని దారికి తేవాలని చూశారు. కుదరలేదు. పోలీసులు రావాల్సి వచ్చింది, ఆ రోజు జరగాల్సిన రెండో ఆట రద్దయి ఎదుటి జట్టుకు దక్కింది.

అంపైర్‌తో పేచీ

ఆర్గనిస్టు ఆటగాడు కాదు, కానీ అంపైర్ బయటికి పంపగలడు. గ్లాడిస్ గుడ్డింగ్ 1942లో అంపైర్లు మైదానంలోకి వస్తుంటే ‘త్రీ బ్లైండ్ మైస్’ అనే పిల్లల పాట వాయించారు. మూడు గుడ్డి ఎలుకలన్నమాట. అప్పట్లో చాలా ఆటలకు అంపైర్లు ముగ్గురే. అప్పటికది నవ్వులతో పోయింది. 1985 జూన్ 26న ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో, కింది స్థాయి లీగ్ ఆటలో, విల్బర్ స్నాప్ అనే ఆర్గనిస్టు ఒక నిర్ణయం నచ్చక అదే పాట వాయిస్తే అంపైర్ వేలు చూపించి పంపించేశాడు. తర్వాత స్నాప్ ఆటోగ్రాఫుల్లో ఆ పాట పేరు కూడా రాసేవాడు.

దీనిమీద రెండు వాదనలున్నాయి. వేలమంది ముందు తిరిగి జవాబు చెప్పలేని మనిషిని ఎగతాళి చేయడం అన్యాయం, జనం రెచ్చిపోతే బాధ్యత ఎవరిదన్నది ఒకటి. ఆటగాళ్లను పేర్లతో వేళాకోళం చేయొచ్చు గానీ అంపైర్‌ను ముట్టుకోకూడదా అన్నది రెండోది. ఆచరణలో మొదటిదే నెగ్గింది. 2012లో డేటోనాలో అదే పాట రికార్డు వేసినందుకు ఒక ఇంటర్న్ కుర్రాణ్ణి కూడా బయటికి పంపారు.

పిచ్ క్లాక్ వచ్చాక ఎంత చోటు మిగిలింది?

2023లో మేజర్ లీగ్ పిచ్ క్లాక్ పెట్టింది, అంటే పిచర్‌కు గడువు లెక్కపెట్టే గడియారం. బేసుల మీద (పరుగు తీసేవాళ్లు వరసగా చేరాల్సిన స్థానాలు) ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి విసరాలి. ఒక బ్యాటర్‌కూ తర్వాతి బ్యాటర్‌కూ మధ్య 30 సెకన్లు. వాకప్ మ్యూజిక్ 10 సెకన్లు దాటకూడదు. 9 ఇన్నింగ్స్ ఆట సగటు నిడివి 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40 నిమిషాలకు పడిపోయింది.

ఆర్గనిస్టు వాటా లెక్క వేద్దాం. ఒక ఆటలో ఒక్కో జట్టు బ్యాటర్లు సుమారు 38 సార్లు వస్తారు. సొంత జట్టువాళ్లు తమ పాట తామే ఎంచుకుంటారు, అది రికార్డు. మిగిలింది బయటి జట్టు: 38 సార్లు, 10 సెకన్ల చొప్పున 380 సెకన్లు, అంటే ఆరు నిమిషాల చిల్లర. సగాల మధ్య విరామాలు 16 లేదా 17, ఒక్కోటి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ. వాటిలో ప్రకటనలు, పెద్ద తెరమీది ఆటపాటలు, స్పాన్సర్ల బహుమతులు పోగా ఆర్గన్‌కు వచ్చేవి కొన్నే. గేట్లు తెరిచాక ఆట మొదలయ్యే ముందు, జనం ఇంటిముఖం పట్టాక మాత్రం నిమ్మళంగా వాయించుకోవచ్చు.

రికార్డు పక్షం చెప్పేది కొట్టిపారేయదగ్గది కాదు. ఆటగాడి అభిరుచి అతనిదే, ఈ తరం వినే బాణీలు ఆర్గన్ మీద పలకవు, రోజూ ఒకే నాణ్యత ఉంటుంది, డబ్బు కట్టిన స్పాన్సర్‌కు చెప్పిన సెకనుకు చెప్పిన శబ్దం వినిపించాలి. రెండో పక్షం వాదన వేరు: రికార్డుకు మైదానం కనపడదు. అయితే గడియారం ఆర్గన్‌ను చంపేస్తుందన్న మాటతో నేను ఏకీభవించను. రికార్డును మధ్యలో ఆపితే తెగిన తీగలా ఉంటుంది, లేదా గొంతు నులిమినట్టు మెల్లగా తగ్గించాలి. చేతులతో వాయించేవాళ్లు ఎనిమిదో సెకనులోనైనా రెండు స్వరాల్లో షడ్జానికి దిగి ముగించేయగలరు. ఖాళీ కుంచించుకుపోయేకొద్దీ ఆ నేర్పు విలువ పెరుగుతుంది. ఫెన్‌వేలో డీజే, ఆర్గనిస్టు ఇద్దరూ వంతులు పంచుకునే పద్ధతి నడుస్తోంది.

నలభై ఏళ్ల కొలువు అంటే ఎన్ని ఆటలు?

సీజన్లో సొంత మైదానంలో ఆటలు 81. ఫౌస్ట్ సీజన్లు 41. గుణిస్తే 3,321. కానీ అది పై హద్దు మాత్రమే. 1972, 1981, 1994 సమ్మెల్లో ఆటలు పోయాయి, 1995 సీజన్ కుదించారు. 1983లో కొడుకు పుట్టినప్పుడు ఆవిడ ఐదు ఆటలు మానేశారు. చివరి కొన్ని సీజన్లలో పగటి ఆటలకే వచ్చేవారు. అందుకే ఎవరు ఎక్కువ కాలం వాయించారన్న పోటీలో ఏళ్లు లెక్కపెట్టాలా, ఆటలు లెక్కపెట్టాలా అన్నది తేలాకే జవాబు తేలుతుంది. సెయింట్ లూయిస్‌లో ఎర్నీ హేస్ 1971 నుంచి 2010 వరకూ, ఫెన్‌వేలో జాన్ కైలీ 1953 నుంచి 1989 వరకూ వాయించారు. రిగ్లీలో గ్యారీ ప్రెసీ 1987 నుంచి 2019 దాకా 33 సీజన్లు చేశారు.

81 ఆటలంటే ఏడాదిలో 81 రోజుల పని. అందుకే దాదాపు అందరికీ ఇంకో వృత్తి తప్పదు. ఫౌస్ట్ చలికాలంలో చికాగో బుల్స్ బాస్కెట్‌బాల్‌కూ, బ్లాక్‌హాక్స్ హాకీకీ వాయించారు. కైలీ బోస్టన్‌లో సెల్టిక్స్ బాస్కెట్‌బాల్‌కూ బ్రూయిన్స్ హాకీకీ చేశారు. న్యూయార్క్ మెట్స్‌కు 1964 నుంచి 1979 దాకా వాయించిన జేన్ జార్విస్ జాజ్ పియానిస్టు, దుకాణాలకు నేపథ్య సంగీతం అందించే మ్యూజాక్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. కాంటర్ హార్వర్డ్‌లో సంగీత గ్రంథాలయంలో పనిచేశారు. ఆటల రోజుల్లో ఆయన సోషల్ మీడియాలో ప్రేక్షకుల కోరికలు తీసుకుంటారు. ఎవరో అడిగిన పాట రాకపోతే విరామంలో ఇయర్‌ఫోన్లో ఒకసారి విని, రెండు మూడు ఇన్నింగ్స్ గడిచేసరికి వాయించేస్తారు.